ముప్పై తొమ్మిదో కార్డు

ఒట్టేసి చెప్తాండా, దీన్ని మీరు నమ్మరు. ఆ శనివారం మజ్జానం చెన్నమ్మ టీ అంగట్లో కూర్చోని చెవులారా ఇన్నోళ్లే ఇంగా సగం నమ్మి సగం నమ్మక ఉండారు. ఇంగ మీరెంత!

ఆళ్లగడ్డ దాటినాంక అహోబిలం దోవ చీలే మలుపు కాడ ఉంటాది ఆ అంగడి. నాలుగు రేకులు, రెండు బెంచీలు, ఒక పొయ్యి. ఆ పొద్దు నల్లమల మింద మబ్బొచ్చి కూర్చునింది. కురవదు, పోదు. గాలి అనేదే లేదు. రెండు గంటలకే దీపం పెట్టుకోవాల్సినంత మసక. దోవ మింద ఒక బండి లేదు, ఆఖరికి కుక్క గూడా లేదు.

బెంచీల మింద ముగ్గురు. బస్సు డ్రైవరు గురవయ్య, ఆ పొద్దు డ్యూటీ లేక కాళ్లు చాపుకోనుండాడు. అహోబిలం గుడి వంటింట్లో పనిచేసే పద్మనాభ్, కొండకు పోయే బస్సు కోసం కాసుకోనుండాడు. మూడో మనిషి మన సాల్మన్ రాజు.

సాల్మన్ రాజుకు మైకు ఆటో ఉంది. చుట్టూ పల్లెల్లో క్రైస్తవులిండ్లల్లో ఎవరు పోయినా "ఫలానా వారు ప్రభువు పిలుపు అందుకున్నారు, మట్టి చేసేది నాలుగు గంటలకు" అని చెప్పుకుంటా తిరిగేది ఆయప్పే. ఫోన్లొచ్చినాంక సంఘం వాట్సాప్ గ్రూపుకు అడ్మినూ ఆయప్పే. నాలుగొందల పన్నెండు మంది. సదివింది నాలుగో తరగతి, అదీ సగం. గానీ ఆ బొటనేలు ఫోను మింద ఆడతాంటే కుట్టు మిషను సూదే.

మూడు నెల్ల కింద ఆ బొటనేలు ఒక పని చేసింది. ఆ సంఘంలోనే ముసలామె కృపమ్మవ్వ, ఆమె బతికుండంగానే పోయిందని గ్రూపులో ఏసింది. అవ్వ మొగుని గోరీ పక్కన గుంత గూడా తవ్వేసినారు. అవ్వ నంద్యాల ఆస్పత్రి నుంచి వచ్చి, బస్సు దిగి నడుచుకుంటా ఇంటికొచ్చింది. ఈయప్ప ఆ మెసేజీని తుడిచేసి, ఒక్క మాట మాట్లాడకుండా గమ్మునుండిపోయినాడు. అవ్వకు ఎదురుపడలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నెలలో మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభు భోజనం. ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం తీసుకునేదానికి ముందు, ఎవరితోనన్నా తప్పు జరిగుంటే వాళ్లింటికి పోయి తప్పయిందని ఒక మాట చెప్పుకోని రావాల. చెప్పుకోకుండా ముందుకు పోయి మోకాళ్లేసేదానికి లేదు. సాల్మన్ రాజు మూడు మొదటి ఆదివారాలు తప్పించుకున్న్యాడు. ఒకసారి కడుపునొప్పి, ఒకసారి ఆటో పంచరు, ఇంగోసారి పాట అయిపోకముందే ఎనక వరసలోంచి లేచి బయటికి. రేపు నాలుగోది. ముప్పై ఏండ్లు ముందు వరసలో కూర్చున్న మనిషికి ఎనక వరస అంటే గొంతులో ముల్లే గదా.

గురవయ్య ఆ ముల్లు మిందే ఏలు పెట్టినాడు.

"ఏం రాజన్నా, రేపు ముందుకు పోతావా, లేకుంటే ఈసారి ఆటోకు కడుపునొప్పా?"

సాల్మన్ రాజు టీ గ్లాసు కింద పెట్టినాడు.  నోరు అలవాటైన దోవ పట్టింది.

"నన్ను ఎగతాళి చేస్తాండావా గురవయ్యా? ఆ ముసలామె ఈ పొద్దు నడుస్తాందంటే ఎవరి పుణ్యమనుకున్న్యావ్? చెప్తే నమ్మరు, అందుకే మూడు నెల్ల నుంచి నోరు ఇప్పల్యా."

"అయితే ఇప్పుడు ఇప్పు," అనింది చెన్నమ్మ. చెయ్యి తుడుచుకోని, ఫోను తీసి ఏందో ఒత్తి, చక్కెర డబ్బా మింద పెట్టింది. "మబ్బు పట్టింది, ఈ పొద్దు బేరమూ లేదు. నింపాదిగా చెప్పు రాజన్నా."

ఇంకేముంది. ఆయప్పకు ఆ మాట చాలు.

"చూడు గురవయ్యా. నువ్వు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు తోలుకొచ్చే లోపల నేను నాలుగొందల ఇండ్లల్లో కబురు చెప్పేస్తా. అంత బేగా. పోయినేడు బండి ఆత్మకూరులో ఒకాయన పోయినాడు. ఇంట్లో ఆడోళ్లు ఏడుపు ఎత్తుకోకముందే నా మెసేజి పోయింది. ఆయన పెండ్లాము నా మెసేజి చూసుకోని గదా ఏడ్సింది!"

"అంత బేగా యాలన్నా? పోయిన మనిషి యాడికి పోతాడు?" అన్న్యాడు పద్మనాభ్.

"ముందు చెప్పినోని పేరే నిలబడేది సామీ. నేనొక ఉపాయం చేసినా. సంఘంలో డెబ్బై దాటినోళ్లందరికీ కార్డులు ముందే చేసి పెట్టుకున్న్యా. మనిషి ఫొటో, అటొకటి ఇటొకటి కొవ్వొత్తి, మూలలో లిల్లీ పువ్వు, కింద 'ప్రభువు సన్నిధికి చేరినారు' అని. తేదీ ఒగటే కాళీ. ముప్పై ఎనిమిది కార్డులు ఉండాయి ఫోన్లో. మనిషి పోతానే తేదీ కొట్టేది, వదిలేది."

చెన్నమ్మ చేతిలో గరిటె నిలబడిపోయింది. "బతికుండేవాళ్లకా?"

"పోయినాంక చేస్తే ఆలీసం కాదా అక్కా?"

"మా యమ్మది ఉందా దాంట్లో?"

"శానా బాగొచ్చింది మీ యమ్మది."

చెన్నమ్మ పొయ్యి పక్క తిరిగి కట్టె లోపలికి నూకింది. మంట ఎగరలేదు.

"సరే, ఇనండి. ఆ పొద్దు కూడా ఇట్లనే మజ్జానం. రెండూ పది. నంద్యాల ఆస్పత్రి కాడ్నుంచి కరుణ, కృపమ్మ మనవరాలు ఉంది గదా, ఆయమ్మి వాయిస్ మెసేజి పెట్టింది. ఇన్న్యా." ఆ 'ఇన్న్యా' అనే మాట కాడ ఆయప్ప గొంతు రవ్వంత జారింది, మళ్లా నిలదొక్కుకునింది. "అవ్వ పోయింది. తేదీ కొట్టి వదిలితి. డాక్టరు వచ్చి నాడి పట్టుకునేది రెండూ పద్నాలుగుకు. నాలుగు నిమిషాలు! డాక్టరు కన్నా నేనే ముందు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? నాలుగొందల పన్నెండు మంది ఒకేసారి దండాలు పెట్టేది, కన్నీళ్ల బొమ్మలు పెట్టేది. ఫోను కాలిపాయ. జేబులో పెట్టుకుంటే చొక్కా పొగ. తట్టుకోలేక కేసీ కాలవలో ముంచితే, నీళ్లు కుతకుతా ఉడికి చేపలు పైకి తేలినాయి."

"ఉప్పూకారం ఎవరేసినారన్నా?" గురవయ్య.

"నవ్వు, నవ్వు. ముందుంది నీకు." సాల్మన్ రాజు ముందుకు వంగినాడు. గొంతు తగ్గించినాడు. "గుంత తవ్వినారని తెలిసి, ఫొటో తీసి గ్రూపులో పెడదామని సమాధుల తోటకు బయల్దేరితి. ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టాలు ఉండాయి గదా, దోవ పక్కన దేవుళ్ల బొమ్మలు నిలబెట్టుంటారు. ఆడ కన్ను చెక్కని బొమ్మలు వరసగా. మొగం ఉంటాది, కన్నుండదు. నేను పోతాంటే ఒక్కొక్కటీ తల తిప్పింది. రాయి తిరిగితే ఎట్లుంటాదో తెల్సా సద్దు? తిరగలి లోపల ఇసక పోసినట్ట. గర్ గర్ అని. కన్నుల్లేని మొగాలు, అన్నీ నా పక్కే. ఉలి పట్టుకున్న శిల్పి మాత్రం వంచిన తల ఎత్తల్యా."

పద్మనాభ్ కాళ్లు బెంచీ మిందికి తీసుకున్న్యాడు.

"తోటలోకి పోతి. నాలుగు గంటలైనా ఎండ నడినెత్తినే ఉంది, నాకు నీడ లేదు. సరే, ఎండ నెత్తినుంటే నీడుండదు గదా అనుకుంటి. చూస్తే గోరీలకు ఉంది, శిలువలకు ఉంది, ముండ్లకంపకు ఉంది. నాకొక్కడికే లేదు. కాకి లేదు. చీమ గూడా లేదప్పా. కృపమ్మ గుంత నోరు తెరుచుకోనుంది. అంచు నుంచి మట్టి జారతాంది, ఎవరో లోపల్నుంచి ఏలితో గీకి తీస్తాండట్ల. అప్పుడు చూస్తి ఫోను. ఆ తోటలో సిగ్నలు యానాడన్నా ఉందా?"

"లేదు. మా నాయన మట్టి పొద్దు గూడా ఒక్క ఫోను కలవల్యా," అన్న్యాడు గురవయ్య. ఈసారి నవ్వలేదు.

"ఆ పొద్దు నిండా ఉంది. టింగ్ అనింది. ఎవరో నన్ను గ్రూపులో చేర్చినారు. గ్రూపు పేరు 'ముందొచ్చినోళ్లు'. లోపలికి పోయి చూస్తే, నాయనా, ఎంత మందో లెక్క లేదు. ఒక్కొక్కరికీ ఫొటో ఉంది. ఏ ఫొటో అనుకున్న్యారు? నేను చేసిన కార్డే! కొవ్వొత్తులు, లిల్లీ పువ్వు. పదేండ్ల నుంచి నేను పంపినోళ్లంతా ఆడుండారు. అందరూ ఆన్‌లైన్లోనే ఉండారు. ఒక్కరు గూడా మాట్లాడరు."

"ఏమీ రాయరా?" చెన్నమ్మ గొంతు చిన్నదైపోయింది.

"రాస్తాండారు అని వస్తాది. అందరి పేర్ల కిందా రాస్తాండారు, రాస్తాండారు. మాట మాత్రం రాదు. యాల రాదో అప్పుడు తెలిసింది నాకు. వాళ్లకు మర్యాద, అక్కా! ఒకరు చెప్పేది అయిపోయే వరకూ ఇంగొకరు నోరు తెరవరు. పొద్దున్నే గులాబీ పూల బొమ్మలు పెట్టరు. ఎవరో పంపింది సూడకుండా ఇంగొకరికి నూకరు. ఒకరి కొంపలో సంగతి ఇంగొకరికి అడక్కుండా చెప్పరు. మన నాలుగొందల పన్నెండు మందిలో అంత పద్ధతైనోడు ఒక్కడన్నా ఉండాడా?"

"అడ్మిను ఎట్లుంటే గ్రూపు అట్ల," అని గొణిగినాడు గురవయ్య.

సాల్మన్ రాజు ఇననట్ల పోయినాడు. "అప్పుడొక వాయిస్ మెసేజి వచ్చింది. ఎంత పొడుగో చూద్దామంటే నంబరు లేదు. మొదలుంది, కొస లేదు. మధ్యలో ఆపుదామని ఒత్తితే ఆగదు. ముందుకు జరుపుదామంటే జరగదు. ఇనాల. మొత్తం ఇనాల. నిలబడి ఇన్న్యా. మొదట ఉత్త ఊపిరి సద్దు. తర్వాత మట్టి రాలే సద్దు. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు. కోపం లేదు దాంట్లో. అదే భయం. చుట్టాన్ని అడిగినట్ల అడిగింది. 'కబురు పంపినావు నాయనా. ఇల్లు ఊడ్సినాము. చాప ఏసినాము. నీళ్ల చెంబు పెట్టి వాకిట్లో నిలబడినాము. మనిషి రాలేదే' అని."

 రేకు మింద ఏదో ఒక్క చుక్క పడింది. ఒకటే. అంతే.

"నేను పలకల్యా. మళ్లా అనింది. 'వస్తాదని చెప్పినోడు మనిషినన్నా పంపాల, లేకుంటే తానన్నా రావాల. వాకిట్లో శానాసేపు నిలబడలేము' అని. ఆ తర్వాత ఏమైందో తెల్సా? నా ఫోన్లో కార్డులు ముప్పై ఎనిమిది గదా. వాటంతట అవే తెరుచుకున్న్యాయి. ఒకటి, రెండు, మూడు... ముప్పై ఎనిమిది అయిపోయినాయి. ముప్పై తొమ్మిదోది వచ్చింది. నేను చేసింది కాదు. కొవ్వొత్తులుండాయి, లిల్లీ ఉంది. ఫొటో నాది. తేదీ కాళీగా లేదు."

"ఏ తేదీ అన్నా?" పద్మనాభ్ ముందుకు జరిగినాడు.

"ఆ పొద్దుటిదే సామీ! ఇంగొకడైతే ఆడనే పడిపోయి ఆ గుంత నింపేసుండు. నేనేం చేస్తి? ఆటో స్టార్ట్ చేస్తి, గుంతలోకి దింపితి."

"ఆటోనా?" గురవయ్య లేచి కూర్చున్న్యాడు. "గుంత మూడడుగులు వెడల్పు లేదు!"

"మామూలు గుంత కాదది. దిగేకొద్దీ వెడల్పు. మెట్లుండాయి, గేరు మార్చి దింపితి. ఏడు పగళ్లు తోలినా నల్లమల కింద. అటూ ఇటూ వాకిండ్లు. ప్రతి వాకిట్లో ఒక చాప, ఒక చెంబు, చేతులు కట్టుకోని నిలబడిన మనుషులు. ఎవరూ పలకరు, చూస్తాంటారు. నేను మైకు తీస్తి. 'అయ్యలారా, అమ్మలారా! కృపమ్మ గారి రాక వాయిదా పడినది. లోపలికి పోయి పండుకోండి' అని చెప్పుకుంటా పోతి. కడాకు ఒక ముసలాయన, వాళ్ల అడ్మిను, అడ్డమొచ్చి 'అట్లైతే నువ్వు పంపిన కబురు తుడిచెయ్యి' అన్న్యాడు. 'తుడుస్తా' అని పైకి తోలితే, ఆటో సక్కగా అహోబిలం కొండ కింద తేలింది."

"మా కొండ కిందనా?" పద్మనాభ్‌కు రోషమొచ్చింది. "ఏ పొద్దన్నా? మేము ఆడ పులిహోర కలుపుతాంటే ఆటో సద్దు రాలేదే!"

"ఆ పొద్దు మీరు కలుపుతాండింది దద్దోజనం సామీ, మర్సిపోయినారు. ఇనండి, అసలు కథ ఈడుంది. తుడుద్దామని ఫోను తీస్తే, టైము దాటిపాయ! రెండు రోజులు దాటితే అందరి ఫోన్లలో నుంచి తుడిచేదానికి కుదరదు గదా. నేను ఏడు దినాలు కిందుండా. అప్పుడేం చేస్తి? ఫోన్లో గడియారం ఎనక్కి తిప్పితి. అది ఒగటే తిరిగితే చాల్లేదు. ఇంగా గట్టిగా తిప్పితి. బొటనేలు గోరు ఊడిపాయ, చూడండి, ఇంగా మొలుస్తాంది. సూర్యుడు నల్లమల పక్కకు ఎనక్కి నడిచినాడు. కేసీ కాలవ నీళ్లు ఎగువకు పారినాయి. ఉడికిన చేపలు మళ్లా ఈదినాయి. గురవయ్యా, నీ బస్సు ఆళ్లగడ్డ స్టాండు నుంచి నంద్యాల దాకా ఎనక్కే పోయింది, గుర్తు లేదా?"

"ఎనక్కా? నేను తోల్తాంటేనా?"

"నీ మొగం ముందరికే ఉంది, అందుకే తెలీల్యా. ఏడు దినాలు తిరిగి రెండూ పది కాడికి వచ్చినాంక, ఒక్క ఒత్తు ఒత్తితి. నాలుగొందల పన్నెండు ఫోన్లలో నుంచి ఒకేసారి కార్డు మాయం. నంద్యాల ఆస్పత్రిలో కృపమ్మ లేచి కూర్చోని 'కాఫీ' అనింది. అదప్పా సంగతి! చచ్చిన మనిషిని ఏలితో లేపినా నేను. నేను పోయి ఆమెకు చెప్పాల్నా మాట? ఆమె రావాల మా ఇంటికి, టెంకాయ తీసుకోని!" సాల్మన్ రాజు మీసం మింద చెయ్యేసినాడు. "అబద్ధమంటారా? నిరూపించండి. ఒక్కరంటే ఒక్కరు నిరూపించండి, ఈ మీసం ఈడనే తీసేస్తా."

గురవయ్య గ్లాసు ఎత్తి, ఆ మీసాన్ని కొలిచినట్ల చూసినాడు.

"సాల్మనూ..."

ముసలి గొంతు. సన్నగా, దూరంగా, ఏదో డబ్బా లోపల్నుంచి వచ్చినట్ల. పద్మనాభ్ బెంచీ మింద నుంచి జారినాడు. గురవయ్య చేతిలో గ్లాసు కిందపడింది. సాల్మన్ రాజు మీసం మింద చెయ్యి ఆడనే అతుక్కుపోయింది.

"అయిపోయిందా నాయనా? ఇంగా ఏమన్నా ఉందా చెప్పేది? ఉంటే చెప్పు. కడాదాకా ఇంటా."

చెన్నమ్మ చక్కెర డబ్బా మింద ఫోను తీసి బెంచీ మింద, ఆయప్ప ముందర పెట్టింది. ముప్పావు గంట నుంచి ఫోను కలిసే ఉంది. 'కృపమ్మవ్వ' అని ఉంది పేరు.

"పొద్దున్నే అవ్వ నన్ను అడిగింది, రాజన్న వస్తే ఒకసారి ఫోను కలుపమ్మా అని," అనింది చెన్నమ్మ. "మా యమ్మ కార్డు సంగతి ఇన్నాంక, ఫోను పెట్టేద్దామనిపించల్యా."

"నీది ముప్పావు గంట ఇన్న్యా సాల్మనూ," అంటాంది ఫోను. "ఒక్కసారన్నా అడ్డమొచ్చినానా? బాగ చెప్పినావు. చేపలు ఉడికింది బలే నవ్వొచ్చింది. నాది నువ్వు ఎంతసేపు ఇన్న్యావు? కరుణా, పెట్టమ్మీ."

ఫోన్లోంచి ఇంగో ఫోను సద్దు. కరుణ గొంతు, మూడు నెల్ల కిందటిది. ఏడుస్తాంది. "అన్నా, అవ్వకు ఏం బాగలేదన్నా. డాక్టర్లు చేతులెత్తేసినారన్నా..." ఎక్కిళ్లు.

"ఈడికి పదకొండు సెకన్లు," అనింది అవ్వ. "నువ్వు ఇనింది ఇంతే. మిగిలింది ఇప్పుడు ఇను."

కరుణ గొంతు తేరుకునింది. "...అది పొద్దున మాటన్నా. ఇప్పుడే కండ్లు తెరిచింది. కాఫీ అడుగుతాంది. భయం లేదన్న్యారు. గ్రూపులో ప్రార్థన చెయ్యమని చెప్పన్నా, ఎవరూ ఆస్పత్రికి రావొద్దని చెప్పు, పాములపాడులో మా పెద్దవ్వ అంకమ్మకు మాత్రం ఏమీ తెలియనియ్యొద్దన్నా, ఆమె గుండె నిలబడదు."

ఆ చివరి మాట సాల్మన్ రాజు ఇంతవరకూ ఇనలేదు. మూడు నెల్ల తర్వాత, ఆ మసకలో, ఇప్పుడు ఇన్న్యాడు.

"అంకమ్మవ్వ..." అన్న్యాడు.

"బతికే ఉందిలే. నీ కార్డు చూసి పడిపోయింది, రెండు దినాలు మాట లేదు. నేను పోయి చెయ్యి పట్టుకుంటే దయ్యమని కేక పెట్టింది. తోడబుట్టినదానికి నేను కృపనే అని నమ్మించేదానికి దినమంతా పట్టింది." అవ్వ ఆగింది. "తుడిచేసినావు. సరే. తుడిస్తే నీ ఫోన్లో పోతాది. గుంత పోతాదా? నా కొడుకు పూడుస్తానంటే నేనే వద్దన్న్యా. పిలిచినోడే పూడ్చాల. నేను కరుణను తీసుకోని ఆడికి పోతాండా. నీకు తీరికుంటే రా."

ఫోను కట్టయింది.

సాల్మన్ రాజు ఫోను చెన్నమ్మ చేతికిచ్చినాడు. తర్వాత లేచినాడు. మీసం సంగతి గురవయ్య ఎత్తలేదు, ఎత్తే మొగం కాదు అది. పొయ్యి ఎనక చెన్నమ్మ పార ఉంటే తీసుకోని, ఆటో ఆడనే వదిలి, నడుచుకుంటా పోయినాడు. ఎనక ముగ్గురూ పోయినారు. అంగడి తెరిచే ఉంది.

కార్డులు గాక, ఆయప్ప చెప్పినదాంట్లో అబద్ధం కానిది ఆ గుంత ఒగటే. మూడు నెల్ల వానకు ఎండకు అంచులు జారి, అడుగున గడ్డి మొలిచి, చూస్తాంటే ఎవరి కోసమో కాసుకోనున్నట్టే ఉంది. పక్కన మొగుని గోరీ మింద గొడుగు పట్టుకోని కృపమ్మవ్వ కూర్చోనుంది. తెల్లచీర. మబ్బు మసకలో ఆ తెలుపొక్కటే కనపడేది. పద్మనాభ్ కంప కాడనే నిలబడిపోయినాడు.

సాల్మన్ రాజు గుంత అంచున నిలబడి నోరు తెరిచినాడు. నాలుగూర్లకు మైకు లేకుండా ఇనపడే గొంతు అది. రాలేదు. మళ్లా తెరిచినాడు.

"తప్పయిందవ్వా. మొత్తం ఇనల్యా. ముందు చెప్పాలని... తప్పయింది."

"నాకు చెప్తే సరిపోయింది. నాలుగొందల పన్నెండు మందికి?"

ఫోను తీసినాడు. సిగ్నలు లేదు. పార ఆడనే పెట్టి కంప దాటి, దోవ మిందికి పోయి, నిలబడి, వాయిస్ మెసేజి పెట్టినాడు. "కృపమ్మవ్వ పోలేదు. పోయిందని చెప్పింది నేను. కరుణ పంపింది కొసదాకా ఇనకుండా పెట్టినా. తుడిచేసి దాక్కున్న్యా. అంకమ్మవ్వను గూడా అడుక్కోవాల, సోమారం పాములపాడు పోతాండా." అంతే. మీసం తిప్పుడు లేదు, కోతలు లేవు. తిరిగొచ్చి పార పట్టినాడు.

మట్టి పడతాంటే అవ్వ చూస్తా కూర్చునింది. సగం పూడినాంక "సాల్మనూ, ఆ కార్డులో ఏసిన ఫొటో యాడిది?" అనింది.

"కరుణ పెండ్లిచూపులప్పటిదవ్వా."

"దాంట్లో నా మొగం ఉబ్బుంది. నిజంగ పోయినప్పుడు అది ఏసినావంటే లేచొస్తా."

కరుణ పక్కున నవ్వింది. చెన్నమ్మ నవ్వింది. సాల్మన్ రాజుకు నవ్వొచ్చింది, దాంతో ఏడుపు గూడా వచ్చింది.

గుంత పూడినాంక, అవ్వ ఏమీ అడక్కముందే ఫోను తీసి కార్డులు తుడవబట్టినాడు. ఒక్కొక్కరి పేరూ బయటికి చెప్తా. చెన్నమ్మ వాళ్లమ్మ పేరు వచ్చినప్పుడు చెన్నమ్మ కండ్లు మూసుకునింది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది, కృపమ్మ.

ఆయప్ప బొటనేలు నిలబడిపోయింది.

"అవ్వా. ఇంగొకటి ఉంది."

"ఏందీ?"

"ముప్పై తొమ్మిదోది. నేను చేసింది కాదవ్వా. ఒట్టు. కథ కోసం చెప్పినా గానీ, నిజంగ నేను చెయ్యల్యా." ఫోను అవ్వ పక్కకు చాపినాడు. "కొవ్వొత్తులుండాయి. లిల్లీ ఉంది. తేదీ గూడా..."

"చాల్లే నాయనా," అనింది అవ్వ, గొడుగు ముడుచుకుంటా. "ఈ పొద్దుటికి కోతలు చాలు. రేప్పొద్దున్నే చర్చికి బేగా రా, నా పక్కన మోకాళ్లేద్దువు." కరుణ చెయ్యి పట్టుకోని నడిచింది. గురవయ్య నవ్వుకుంటా నడిచినాడు. ఎవరూ ఎనక్కి తిరిగి ఫోను పక్క చూడలేదు. పుట్టినాంక మొట్టమొదటిసారి ఆయప్ప నమ్మలేని మాటొకటి నిజంగ చెప్తే, ఇనేదానికి ఒక్కడు గూడా నిలబడలేదు.

ఎవరి లెక్కలోకీ రాని నేను మాత్రం ఆడనే నిలబడి చూసినా. తొంగి చూసినా, ఫొటో చూసినా, తేదీ చూసినా. సాల్మన్ రాజుది కాదది. ఎవరిదో చెప్పను, అడక్కుండా ఒకరి సంగతి ఇంగొకరికి చెప్పకూడదు గదా.

నమ్మరా? మీది కాదని నిరూపించండి చూద్దాం.